హెచ్‌పీ-41 ప్రోగ్రామ్‌లను కంప్యూటర్ మీద నడపాలంటే ముందు అంకెలు కుదరాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీ దగ్గర హెచ్‌పీ-41సీవీ క్యాలిక్యులేటర్ మీద రాసిన పాత సర్వే ప్రోగ్రామ్‌లు చాలా ఉన్నాయి. మెషిన్ కీలు ఒక్కొక్కటే మొరాయిస్తున్నాయి. అందుకని ఆ భాషకు పైథాన్‌లో ఒక చిన్న ఇంటర్‌ప్రెటర్ (ఆ ఆదేశాల్ని ఒక్కొక్కటే చదివి నడిపే ప్రోగ్రామ్) రాసుకున్నారు. చాలావరకు నడుస్తోంది గానీ మూడు చోట్ల తేడా కొడుతోంది. ఐదుసార్లు తిరగాల్సిన లూప్ తొమ్మిదిసార్లు తిరుగుతోంది. ఇంకో ప్రోగ్రామ్ ఎప్పటికీ ఆగడం లేదు. మూడోదానిలో పాత విలువే ఉండనివ్వాలని ఉత్తినే ఆర్/ఎస్ (రన్/స్టాప్ కీ) నొక్కితే, ఆ విలువ పోయి సున్నా వస్తోంది. ఇదంతా వదిలేసి ఎమ్యులేటర్ (ఆ క్యాలిక్యులేటర్‌నే కంప్యూటర్ మీద అనుకరించే ప్రోగ్రామ్) వాడుకోవాలా, ప్రోగ్రామ్‌లన్నీ పైథాన్‌లోకి తిరగరాసుకోవాలా, ఇంటర్‌ప్రెటర్‌నే బాగుచేసుకోవాలా అని అడిగారు.

నేను చాలా ఏళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను. ఇదే భాషకు రెండుసార్లు ఇంటర్‌ప్రెటర్ రాశాను. మొదటిసారి మీరు చేసిన పొరపాట్లే నేనూ చేశాను. నా మాట ఏమిటంటే, ఇంటర్‌ప్రెటర్‌ను వదలకండి. కానీ దాని పునాది మార్చాలి. మనం ఆదేశాల పట్టిక ముందేసుకుని ఒక్కో ఆదేశానికి ఒక్కో ఫంక్షన్ రాసుకుంటూ పోతాం. భాష అంటే ఆ పట్టికే అనుకుంటాం. నిజానికి ఈ భాషలో సగం ఆ మెషిన్ అంకెల్ని ఎలా దాచుకుంటుంది అన్నదానిలో ఉంది. మిగతా సగం, ప్రోగ్రామ్ ఆగి ఉన్నప్పుడు మెషిన్ ఏ స్థితిలో ఉంటుంది అన్నదానిలో ఉంది. మీ మూడు తేడాలూ ఈ రెండిటి నుంచే వస్తున్నాయి.

మొదటి లూప్ సంగతి కొంచెం నిదానంగా చూద్దాం, అసలు విషయమంతా అందులోనే కనిపిస్తుంది. మీరు పంపిన లిస్టింగ్‌లో కౌంటర్ 1.01002 అని ఉంది. కౌంటర్‌ను పెంచి, హద్దు దాటిందో లేదో చూసే ఐఎస్‌జీ ఆదేశం ఈ ఒక్క అంకెలోనే మూడు సంగతులు చదువుకుంటుంది. దశాంశ బిందువుకు ముందున్న 1 ఇప్పటి విలువ. తర్వాతి మూడు అంకెలు 010, అంటే 10 దాటితే ఆగాలి. ఆ తర్వాతి రెండు అంకెలు 02, అంటే ఒక్కో అడుగుకు 2 పెరగాలి. కాబట్టి లూప్ 1, 3, 5, 7, 9 విలువలతో ఐదుసార్లు తిరిగి ఆగాలి.

మీ కోడ్ పూర్ణాంకాన్ని తీసేసి, మిగిలినదాన్ని 1000తో గుణించి, మళ్ళీ పూర్ణాంకాన్ని తీసేసి, 100తో గుణిస్తోంది. లెక్క ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. కానీ పైథాన్ ఫ్లోట్ బైనరీ అంకె, అందులో 1.01002 సరిగ్గా ఇమడదు. దానికి దగ్గరగా ఉన్న ఇంకో అంకె నిలుస్తుంది, అది అసలు విలువ కంటే వెంట్రుకవాసి తక్కువ. తేడా పదిహేడో దశాంశ స్థానం దగ్గర. మామూలు లెక్కల్లో అది ఎవరికీ కనపడదు. ఇక్కడ మాత్రం మీరు దాన్ని రెండుసార్లు గుణించి చివర పూర్ణాంకం తీస్తున్నారు. 2 రావాల్సిన చోట 1.99999999999 వస్తుంది, దాని పూర్ణాంకం 1. అడుగు 2 కాకుండా 1 అయిపోతుంది.

ఇంకా చిత్రమేమిటంటే ఈ తప్పు చివరిదాకా ఒకేలా ఉండదు. కౌంటర్ 8కి చేరగానే బైనరీలో అంకెల మధ్య ఎడం పెరుగుతుంది, అప్పుడు రౌండింగ్ పైవైపుకు పడుతుంది. అక్కడి నుంచి అడుగు మళ్ళీ 2 అవుతుంది. అందుకే మీ లూప్ 1, 2, 3, 4, 5, 6, 7, 8, 10 అని తిరుగుతోంది. సరిగ్గా తొమ్మిదిసార్లు. ఆదేశం రాయడంలో మీ తప్పేమీ లేదు. అంకెను పెట్టిన పాత్రే వేరు.

హెచ్‌పీ-41లో ఒక రిజిస్టర్ (ఒక అంకెను దాచే గది) 7 బైట్లు, అంటే 14 అర బైట్లు. ఒకటి గుర్తుకు, పది అంకెలకు, ఒకటి ఘాతం గుర్తుకు, రెండు ఘాతానికి. ప్రతి అంకె దశాంశ అంకెగానే కూర్చుంటుంది. 1.01002లో ఉన్న 02 అక్కడ నిజంగానే 0, 2 అనే రెండు అంకెలు. వాటిని తీయడానికి గుణకారాలే అక్కర్లేదు. అందుకే ఆ రోజుల్లో భాషను తయారుచేసినవాళ్ళు ఒకే అంకెలో మూడు సంగతులు ధైర్యంగా ఇమిడ్చారు. 1979లో వచ్చిన మెషిన్‌కు మెమరీ చాలా విలువైనది కాబట్టి అది తెలివైన ఏర్పాటు. దాన్ని మనం బైనరీ మీద పెట్టి తప్పు పట్టకూడదు.

ఆగని ప్రోగ్రామ్ కూడా ఈ కుటుంబంలోదే. లిస్టింగ్ చూస్తే అది కొత్త అంచనా, పాత అంచనా సమానమయ్యేదాకా తిరిగే లూప్. పది అంకెల మెషిన్ మీద రెండూ త్వరగా ఒకటైపోయేవి. బైనరీలో పక్కపక్కనే ఉన్న రెండు విలువల మధ్య అంచనా అటూ ఇటూ ఊగుతూ ఉండిపోవచ్చు. అప్పుడు సమానం అనే పరీక్ష ఎప్పటికీ నెగ్గదు. మీరు తేడా ఇంతకంటే తక్కువైతే ఆపు అని ప్రోగ్రామ్‌ను దిద్దబోయారట. దయచేసి ఆ పని చేయకండి. ముప్పై ఏళ్ళు సరిగ్గా నడిచిన ప్రోగ్రామ్‌ను ముట్టుకోవద్దు. దాని కింద ఉన్న అంకెల్ని సరిచేయండి.

అంకెల సంఖ్య ఎంత మార్పు తెస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. 1 + 1/1! + 1/2! + 1/3! అంటూ పదాలు కలుపుతూ, మొత్తం మారడం ఆగిపోయిన చోట నిలిచే చిన్న ప్రోగ్రామ్ రాయండి. పది అంకెల హెచ్‌పీ-41 మీద 13వ పదం దగ్గర ఆగుతుంది. దాని తర్వాత వచ్చిన పన్నెండు అంకెల హెచ్‌పీ-42ఎస్ మీద 15వ పదం దగ్గర. హెచ్‌పీ-42ఎస్ లాగే పనిచేసే, 34 అంకెలతో లెక్కలు చేసే ఫ్రీ42 అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ మీద 31వ పదం దగ్గర. మూడూ సరైనవే, ప్రోగ్రామ్ ఒక్క అక్షరం కూడా మారలేదు. కానీ ఎన్నిసార్లు తిరిగిందో ఆ లెక్కను మీ ప్రోగ్రామ్ ఎక్కడైనా వాడుకుంటే జవాబు మారిపోతుంది. అలాగే 1ని 3తో భాగించి మళ్ళీ 3తో గుణిస్తే హెచ్‌పీ-41 మీద 0.9999999999 వస్తుంది, పైథాన్ ఫ్లోట్‌లో 1.0 వస్తుంది. రెండోదే మేలు అనిపిస్తుంది కదా. కానీ మనం చేస్తున్న పని మెరుగైన జవాబు తేవడం కాదు, అదే జవాబు తేవడం.

కాబట్టి మొదట చేయాల్సింది ఇది. పైథాన్‌లో దశాంశ అంకెలతోనే లెక్కలు చేసే డెసిమల్ మాడ్యూల్ ఉంది. దాని ప్రెసిషన్ (ఎన్ని అంకెలు ఉంచుకోవాలన్నది) మామూలుగా 28 ఉంటుంది, దాన్ని 10కి దించండి. ఘాతం హద్దు 99 పెట్టండి. దాటితే హెచ్‌పీ-41 లాగే ఎర్రర్ చూపి ఆగాలి. రౌండింగ్ విషయంలో ఆ మాడ్యూల్‌కు సొంత అలవాటు ఒకటి ఉంది, సరిగ్గా సగం వచ్చినప్పుడు సరి అంకె వైపు మొగ్గుతుంది. దాన్ని అలాగే నమ్మేయకండి. చివరి అంకె సరిగ్గా సగం దగ్గర పడే కూడికలు నాలుగైదు మీ మెషిన్ మీద నొక్కి, అది ఎటు వెళుతుందో రాసుకుని, అదే పెట్టండి.

త్రికోణమితి మాత్రం మీరే రాసుకోవాలి. డెసిమల్ మాడ్యూల్‌లో వర్గమూలం, లాగరిథమ్, ఘాతం ఉన్నాయి గానీ సైన్, కాస్, టాన్ లేవు. ఫ్లోట్‌లోకి మార్చి, మ్యాథ్ మాడ్యూల్ సైన్ తీసుకుని, మళ్ళీ డెసిమల్‌లోకి తెచ్చే దగ్గరి దారి ఒకటి ఉంది. పది అంకెలకు అది చాలావరకు పనిచేస్తుంది, కానీ డిగ్రీల్ని రేడియన్లలోకి మార్చేటప్పుడు దెబ్బ తగులుతుంది. 180 డిగ్రీల సైన్ సున్నా రావాలి. ఫ్లోట్ దారిలో పోతే ఏదో చిన్న చెత్త అంకె వస్తుంది, దాని మీద సున్నా పరీక్ష పెట్టిన ప్రతి ప్రోగ్రామూ పక్కదారి పడుతుంది. సర్వే ప్రోగ్రామ్‌లలో బేరింగ్ (దిక్కును చెప్పే కోణం) ఏ పాదంలో ఉందో తేల్చేది ఆ పరీక్షే. అందుకని కోణాన్ని ముందు డిగ్రీల్లోనే 0 నుంచి 45 లోపలికి తెచ్చుకోండి. అక్కడ ఇరవై అంకెలతో శ్రేణి లెక్కగట్టి, చివర పదికి రౌండ్ చేయండి.

మీ అంకెలు కుదిరాయో లేదో చూడటానికి ఈ మెషిన్‌లు వాడేవాళ్ళంతా చేసే పరీక్ష ఒకటి ఉంది. డిగ్రీ మోడ్‌లో 9 నొక్కి, సైన్, కాస్, టాన్ వరసగా వేసి, తర్వాత ఆర్క్ టాన్, ఆర్క్ కాస్, ఆర్క్ సైన్ వేయాలి. గణితం ప్రకారం మళ్ళీ 9 రావాలి. హెచ్‌పీ-41 మీద 9.000417403 వస్తుంది. హెచ్‌పీ-42ఎస్ మీద 8.99999864267 వస్తుంది. మధ్యలో విలువ 1కి చాలా దగ్గరగా వెళుతుంది, అక్కడ చివరి అంకెలో ఏ చిన్న తేడా ఉన్నా ఆర్క్ కాస్ దాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. ఇది ఒకరకంగా ఆ మెషిన్ వేలిముద్ర. మీ ఇంటర్‌ప్రెటర్ మీద 9.000417403 కనిపించిన రోజు మీ కింద నేల గట్టిపడినట్టు లెక్క. నాకు రెండోసారి రాసినప్పుడు అది కనపడటానికి రెండు వారాలు పట్టింది. ఆ సాయంత్రం కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

స్టాక్ (లెక్కలో ఉన్న అంకెలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉండే చోటు) గురించి మీరు అడగలేదు, కానీ మీ కోడ్‌లో ఒక చిక్కు కనపడింది. మీరు స్టాక్‌ను పైథాన్ లిస్ట్‌గా పెట్టారు. అది ఎంతైనా పెరుగుతుంది, ఖాళీ కూడా అవుతుంది. ఈ మెషిన్ స్టాక్ అలాంటిది కాదు. ఎక్స్, వై, జడ్, టీ అని ఎప్పుడూ నాలుగే గదులు, ఎప్పుడూ ఖాళీగా ఉండవు. కూడిక లాంటిది చేస్తే స్టాక్ ఒక మెట్టు దిగుతుంది, టీలో ఉన్నది మాత్రం అక్కడే ఉండి కింది గదిలోకి కూడా వస్తుంది. పాత ప్రోగ్రామర్లు దీన్ని బాగా వాడుకున్నారు. 1.05 నొక్కి ఎంటర్ మూడుసార్లు కొట్టి, 1000 నొక్కి, గుణకారం కొడుతూ పోతే 1050, 1102.5, 1157.625 అని వస్తూనే ఉంటాయి. 1.05 ఎప్పటికీ అయిపోదు. మీ లిస్ట్‌తో అయితే నాలుగో గుణకారం దగ్గర స్టాక్ ఖాళీ అని ఎర్రర్ వస్తుంది.

దానికంటే సూక్ష్మమైనది స్టాక్ లిఫ్ట్. కొత్త అంకె వచ్చినప్పుడు పాతవి పైకి జరగాలా, లేక ఎక్స్‌లో ఉన్నదాని మీదే పడాలా అన్నది అంతకు ముందు నడిచిన ఆదేశాన్ని బట్టి ఉంటుంది. ఎంటర్, సీఎల్‌ఎక్స్ (ఎక్స్‌ను సున్నా చేసేది), గణాంకాల మొత్తాలకు వాడే సిగ్మా ప్లస్, సిగ్మా మైనస్ ఈ లిఫ్ట్‌ను ఆపేస్తాయి. 5 ఎంటర్ 3 సీఎల్‌ఎక్స్ 7 కూడిక అంటే 12 రావాలి, ఎందుకంటే సీఎల్‌ఎక్స్ వదిలిన సున్నా మీదే 7 పడుతుంది. మీ కోడ్‌లో ఆ సున్నా పైకి జరుగుతోంది, 7 వస్తోంది. ఎంటర్ విషయంలో ఈ తప్పు మరీ ప్రమాదం. 5 ఎంటర్ 3 కూడిక అన్నప్పుడు లిఫ్ట్ ఆగకపోయినా ఎక్స్‌లో 8 సరిగ్గానే వస్తుంది, కానీ పైన ఒక 5 అదనంగా మిగిలిపోతుంది. జవాబు బాగుంది కదా అని మనం ముందుకు పోతాం. ఇరవై లైన్ల తర్వాత ఎక్కడో తప్పు బయటపడుతుంది. నా మొదటి ఇంటర్‌ప్రెటర్‌లో దీన్ని పట్టుకోవడానికి నెలలు పట్టింది. లిఫ్ట్‌కు ఒక బిట్ పెట్టుకుని, ప్రతి ఆదేశమూ తప్పనిసరిగా దాన్ని ఆన్ చేయాలో, ఆఫ్ చేయాలో, అలాగే వదలాలో చెప్పేలా రాయండి. ఏ ఆదేశానికీ మినహాయింపు ఇవ్వకండి.

ఎర్రర్ వచ్చినప్పుడు స్టాక్ ఆదేశానికి ముందు ఎలా ఉందో అలాగే ఉండాలి. ఇది మర్చిపోతే ఫ్లాగ్ (అవును, కాదు అని గుర్తుంచుకునే బిట్) 25తో ఎర్రర్లను దాటించే ప్రోగ్రామ్‌లు దెబ్బతింటాయి.

ఇక మీ మూడో తేడా. ఉత్తినే ఆర్/ఎస్ నొక్కితే సున్నా వస్తోంది అన్నారు. ప్రోగ్రామ్‌ను ఆపి విలువ అడిగే ప్రాంప్ట్ ఆదేశాన్ని మీరు పైథాన్ ఇన్‌పుట్ ఫంక్షన్‌తో చేశారు, ఏమీ టైప్ చేయకపోతే సున్నా అనుకుంటోంది. అది సున్నా కాకుండా పాత విలువ తీసుకునేలా మార్చితే ఈ ఒక్క ప్రోగ్రామ్ బాగవుతుంది, కానీ మూలం అక్కడ లేదు.

మీ ప్రోగ్రామ్ ప్రాంప్ట్‌కు ముందు ఫ్లాగ్ 22ను క్లియర్ చేస్తోంది, ప్రాంప్ట్ తర్వాత అదే ఫ్లాగ్ చూస్తోంది. హెచ్‌పీ-41లో కీబోర్డ్ మీద ఎవరైనా అంకె నొక్కితే ఫ్లాగ్ 22 దానంతట అదే సెట్ అవుతుంది. ప్రోగ్రామ్‌లో ఉన్న అంకెలతో అవదు, చేత్తో నొక్కినవాటితోనే అవుతుంది. అలా మనిషి కొత్త విలువ ఇచ్చాడా, పాతదానికే ఒప్పుకున్నాడా అని ప్రోగ్రామ్ తెలుసుకుంటుంది. మనిషి సున్నా ఇవ్వడానికీ, ఏమీ ఇవ్వకపోవడానికీ తేడా ఉంది కదా. ఆ తేడాను ఈ భాష ఒక్క ఫ్లాగ్‌తో చెబుతుంది. అక్షరాలు టైప్ చేస్తే ఇలాగే ఫ్లాగ్ 23 ఉంది.

ఇంకా ముఖ్యమైనది, ప్రాంప్ట్ దగ్గర ప్రోగ్రామ్ ఆగినప్పుడు మెషిన్ ఆగదు. దూరం ఎంత అని అడిగితే, మనిషి 125.40 ఎంటర్ 3.25 మైనస్ అని అక్కడే లెక్క చేసుకుని, వచ్చినదాన్నే ఉంచి ఆర్/ఎస్ నొక్కవచ్చు. మధ్యలో ఒక రిజిస్టర్ తెరిచి చూడవచ్చు. ఇంకో ప్రోగ్రామ్‌నే నడపవచ్చు. మొత్తం క్యాలిక్యులేటర్ అతని చేతిలో ఉంటుంది. పొలంలో నిలబడి పనిచేసేవాళ్ళు సరిగ్గా ఇలాగే వాడేవారు. ఇన్‌పుట్ ఫంక్షన్ దగ్గర కట్టిపడేసిన ఇంటర్‌ప్రెటర్‌లో ఇది సాధ్యం కాదు.

కాబట్టి ఇంటర్‌ప్రెటర్‌ను లూప్‌గా కాకుండా స్థితిగా రాయండి. స్టాక్, రిజిస్టర్లు, ఫ్లాగులు, ఆల్ఫా (అక్షరాలు దాచే రిజిస్టర్), ప్రోగ్రామ్‌లో ఇప్పుడున్న చోటు, రిటర్న్ చిరునామాలు అన్నీ ఒకే వస్తువులో ఉండాలి. ఒక్క ఆదేశం నడిపే ఫంక్షన్ ఒకటి, ఒక కీ నొక్కినట్టు చేసే ఫంక్షన్ ఒకటి. ఆర్/ఎస్ నొక్కితే ఆదేశాలు నడుస్తాయి, ప్రాంప్ట్ వస్తే ఆగుతాయి, తర్వాత ఏ కీ వచ్చినా మామూలుగా పనిచేస్తుంది. ఇలా రాస్తే ప్రోగ్రామ్ మధ్యలో కిటికీ మూసేసి మర్నాడు తెరిచినా అక్కడి నుంచే సాగించవచ్చు. అసలు మెషిన్ కూడా అలాగే చేసేది. స్క్రీన్, మౌస్, ఫైళ్ళు ఈ వస్తువుకు బయట ఉండాలి. ఫ్రీ42 కూడా ఇలాగే ఉంటుంది. లెక్కలు, భాష అంతా ఒక కోర్‌లో, విండోస్, మ్యాక్, లినక్స్, ఫోన్‌ల కోసం విడివిడిగా పైతొడుగులు. దాని సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంది, ఒకసారి తీరిగ్గా చదవండి. థామస్ ఓకెన్ చాలా శ్రద్ధగా రాశారు.

లేబుళ్ళ (ప్రోగ్రామ్‌లో చోట్లకు పెట్టే గుర్తుల) గురించి ఒక్క మాట. మీరు ప్రోగ్రామ్ లోడ్ చేసేటప్పుడే లేబుళ్ళన్నీ డిక్షనరీలో పెట్టుకుంటున్నారు. ఆ ప్రోగ్రామ్ లోపలే చెల్లే లోకల్ లేబుళ్ళకు అది కుదరదు. ఒకే ప్రోగ్రామ్‌లో లేబుల్ 01 మూడు చోట్ల ఉండవచ్చు. ఆ లేబుల్‌కు వెళ్ళమనే ఆదేశం జీటీఓ 01 తానున్న చోటి నుంచి కిందికి వెతుకుతుంది, చివరికి చేరితే పైనుంచి మళ్ళీ మొదలుపెడుతుంది. ముందు దొరికినదే దానిది.

ఫైల్ ఫార్మాట్ విషయానికొస్తే, లిస్టింగులు చూసి టైప్ చేసుకుంటున్నారు కాబట్టి ఇప్పుడు మీకు అవసరం లేదనిపించవచ్చు. కానీ ఎవరైనా పాత ప్రోగ్రామ్ ఇస్తే రా ఫైల్‌గా ఇస్తారు, దాన్ని చదవగలగాలి. అందులో శీర్షిక ఏమీ ఉండదు, మెషిన్ మెమరీలో ఉన్న బైట్లు వరసగా ఉంటాయి. ఎస్‌క్యూ అనే పేరున్న ఒక చిన్న ప్రోగ్రామ్ తీసుకుందాం. ఎక్స్ వర్గం చేసి, రిజిస్టర్ 01లో ఉన్నదాన్ని కలుపుతుంది. ఫైల్‌లో అది ఇలా ఉంటుంది: 192, 0, 243, 0, 83, 81, 81, 33, 64, 192, 0, 13. మొదటి ఆరు బైట్లు గ్లోబల్ లేబుల్ (ప్రోగ్రామ్ పేరు), వాటిలో 83, 81 అన్నవి పేరులోని రెండు అక్షరాలు. తర్వాతి 81 ఎక్స్ వర్గం. 33 అంటే ఆర్‌సీఎల్ 01 (రిజిస్టర్ 01లో ఉన్నదాన్ని తెచ్చేది), 64 అంటే కూడిక, చివరి మూడు బైట్లు ఎండ్. 81 రెండుసార్లు వచ్చింది చూడండి. పేరులో ఉంటే అక్షరం, బయట ఉంటే ఎక్స్ వర్గం. అందుకే బైట్లను ఎప్పుడూ మొదటి నుంచి వరసగా చదవాలి. మధ్యలో ఎక్కడో దిగి వెతికితే తప్పు దారి పడతారు.

అంకెలు కూడా ఒక్కో అంకెకు ఒక్కో బైట్‌గా ఉంటాయి. 12 అంటే 17, 18 అనే రెండు బైట్లు. ఇన్‌డైరెక్ట్ (రిజిస్టర్‌లో ఉన్న అంకె చూపే చోటును వాడేది) అయితే రెండో బైట్‌కు 128 కలుస్తుంది. ఐఎస్‌జీ 05 అంటే 150, 5. అదే ఇన్‌డైరెక్ట్ అయితే 150, 133. రెండు బైట్ల జీటీఓలలో రెండో బైట్‌ను పట్టించుకోకండి. మెషిన్ ఒకసారి లేబుల్‌ను వెతికాక దూరాన్ని అందులో రాసుకుంటుంది, వేరే చోట దానితో పని లేదు.

ఇప్పుడు ఎమ్యులేటర్ ప్రశ్న. ఎమ్యులేటర్ అంటే మెషిన్ లోపలి చిప్‌ను అనుకరించి, దాని మీద అసలు రోమ్‌నే (మెషిన్‌లో శాశ్వతంగా ఉండే కోడ్‌నే) నడిపేది. హెచ్‌పీ-41కు వీ41 లాంటివి ఉన్నాయి. చివరి అంకె వరకూ అదే జవాబు వస్తుంది, ఎందుకంటే నడుస్తున్నది అదే కోడ్. కానీ ఆ రోమ్ కంపెనీ సొత్తు, దాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారో మీరే చూసుకోవాలి. పైగా ఫలితాల్ని ఫైల్‌లో రాసుకోవడం, వందల పాయింట్లు ఒకేసారి నడపడం లాంటివి అందులో కష్టం. ఫ్రీ42 దారి వేరు. అందులో కంపెనీ కోడ్ ఒక్క లైన్ కూడా లేదు, హెచ్‌పీ-42ఎస్ ఏం చేస్తుందో చూసి మొదటి నుంచి రాసినది. హెచ్‌పీ-41 ప్రోగ్రామ్‌లు అందులో చాలావరకు అలాగే నడుస్తాయి. రా ఫైళ్ళు తీసుకుంటుంది, ప్రోగ్రామ్ మోడ్‌లో లిస్టింగ్‌ను పేస్ట్ చేసినా తీసుకుంటుంది. రేపు పొద్దున పని ఆగకూడదంటే ఈ రోజే అది పెట్టుకోండి. మీ ఇంటర్‌ప్రెటర్ పూర్తయ్యేదాకా పని నడుస్తుంది. దాని డెసిమల్ వెర్షన్ తీసుకోండి, బైనరీ వెర్షన్ కాదు. ఎందుకో పైన చెప్పిన లూపే సాక్ష్యం. అయితే 34 అంకెలు కాబట్టి చివరి అంకెల్లో మీ మెషిన్‌తో తేడా ఉంటుంది, కంగారు పడకండి.

ఒక్క రకం ప్రోగ్రామ్‌లు మాత్రం ఫ్రీ42లో నడవవు, అవి సింథటిక్ ప్రోగ్రామింగ్ వాడినవి. మెషిన్ తయారుచేసినవాళ్ళు ఉద్దేశించని ఆదేశాలను వాడుకరులే కనిపెట్టి, ఆల్ఫా రిజిస్టర్‌ను నేరుగా తీసి వాడుకున్నారు. రా ఫైల్‌లో 144 లేదా 145 తర్వాత 117, 118, 119 కనిపిస్తే అది అలాంటిదే. లిస్టింగ్‌లో అయితే ఆర్‌సీఎల్, ఎస్‌టీఓ (రిజిస్టర్‌లో దాచేది) పక్కన అంకె బదులు ఎం, ఎన్, ఓ అక్షరాలు ఉంటాయి. వాటికి ఎమ్యులేటర్ కావాలి, లేదా మీ ఇంటర్‌ప్రెటర్‌లో ఆల్ఫాను కూడా ఏడేసి బైట్ల రిజిస్టర్లుగా పెట్టాలి. మీ లిస్టింగులలో అలాంటిది నాకు ఒకటే కనిపించింది.

ప్రోగ్రామ్‌లన్నీ పైథాన్‌లోకి తిరగరాయడం మాత్రం నేను ఒప్పుకోను. ఒకటి రెండు చిన్నవైతే సరే. మీ దగ్గరున్నవి ఇన్‌డైరెక్ట్ జీటీఓలతో, ఒకదాని స్టాక్‌ను ఇంకోటి అందుకుంటూ నడుస్తాయి. వాటిని విడదీసి ఫంక్షన్లు చేస్తుంటే ఎక్కడో ఒకచోట అర్థం మారుతుంది. రాసినవాళ్ళు ఇప్పుడు పక్కన లేరు కాబట్టి, ఎక్కడ మారిందో చెప్పేవాళ్ళూ ఉండరు.

అన్నిటికంటే తొందరగా చేయాల్సింది మీ మెషిన్ బతికి ఉండగానే దాని జవాబులు రాసి పెట్టుకోవడం. కీలు పూర్తిగా పోయాక ఆ అవకాశం తిరిగి రాదు. ప్రతి ప్రోగ్రామ్‌కు మూడు నాలుగు ఇన్‌పుట్లు తీసుకోండి. ఒకటి మామూలుది, ఒకటి 90 లేదా 180 డిగ్రీల బేరింగ్ ఉన్నది, ఒకటి సున్నా దూరం ఉన్నది, ఒకటి ప్రాంప్ట్ దగ్గర ఏమీ నొక్కకుండా ఆర్/ఎస్ మాత్రమే నొక్కినది. జవాబును రెండు దశాంశాలకు కాదు, డిస్‌ప్లేను ఫిక్స్ 9లో (తొమ్మిది దశాంశాలు చూపే తీరులో) పెట్టి కనిపించే అంకెలన్నీ రాసుకోండి. ఎక్స్ ఒక్కటే చాలదు. ప్రోగ్రామ్ ఆగాక వై, జడ్, టీ, లాస్ట్ ఎక్స్ (చివరి లెక్కకు ముందు ఎక్స్‌లో ఉన్నది) కూడా రాయండి, స్టాక్ లిఫ్ట్ తప్పులు అక్కడే దొరుకుతాయి. ఒక్కో ప్రోగ్రామ్‌కు ఇరవై నిమిషాలు పడుతుంది. బాగా పనిచేస్తున్న కీలతో నడిచేవాటిని చివరికి వదిలి, మొరాయిస్తున్న కీలు ఎక్కువ కావాల్సిన ప్రోగ్రామ్‌లతో మొదలుపెట్టండి. ఆ పట్టిక చేతికొచ్చాక ఇక్కడ పెట్టండి. మీ కోడ్ వాటితో ఎక్కడ విడిపోతోందో లైన్ లైన్‌గా కలిసి చూద్దాం.